తడబడే అడుగులు

ఉద్దేశం

పసిపిల్లల శారీరక వికాసంలో కనిపించే తడబాటును గుర్తించడం, దానికి గల కారణాలను శాస్త్రీయంగా తెలుసుకోవడం, అటువంటి పిల్లల పట్ల పెద్దలు, తోటి విద్యార్థులు ఎలా మెలగాలో గ్రహించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగువారి ఇళ్లలో శిశువు ఎదుగుదల ఒక పండుగ. బిడ్డ బోర్లపడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులు వేస్తే అరిసెలు, మాటలు పలికితే పంచదార చిలకలు పంచిపెట్టడం మన ఆచారం. పైకి వేడుకగా కనిపించే ఈ ఆచారంలో నిశితమైన పరిశీలన దాగి ఉంది. బిడ్డ ఏ నెలలో ఏ పని చేయగలుగుతున్నదో కనిపెట్టి, దానిని పదిమందికి చెప్పి సంతోషించిన సమాజం మనది. బాలకృష్ణుని పారాడే చేష్టలను, తడబడే తొలి అడుగులను వర్ణించడానికి పోతన తన భాగవత దశమ స్కంధంలో చోటు కల్పించాడు. పసివాడి నడక మహాకవికి కూడా కావ్యవస్తువే.

అయితే ఈ వేడుకలు తొలి అడుగుతోనూ, తొలి పలుకుతోనూ దాదాపుగా ముగిసిపోతాయి. బిడ్డ తన చొక్కా గుండీ తానే పెట్టుకున్న రోజున ఎవరూ అరిసెలు పంచరు. అన్నం కలిపి, ముద్ద చేసి, కింద పడకుండా నోటికి అందించుకున్న రోజున ఎవరూ గారెలు వండరు. ఈ పనులు వాటంతట అవే వస్తాయని అందరూ భావిస్తారు. చాలామంది పిల్లలకు అవి అలాగే వస్తాయి. కొందరికి రావు. అలా రాని పిల్లల విషయంలో పెద్దలు పడే ఆందోళన, ఆ పిల్లలు మౌనంగా భరించే బాధ ఎంతో లోతైనవి.

ఒక ఇంటిని ఊహించుకోవచ్చు. ఆ ఇంట్లో ఆరేళ్ల బాలుడు ఉన్నాడు. కథలు చెప్పమంటే గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. ఎక్కాలు ఒప్పజెబుతాడు. కానీ గడప దాటేటప్పుడు తట్టుకొని పడతాడు. మంచినీళ్ల గ్లాసు చేతికిస్తే సగం నీళ్లు ఒలికిపోతాయి. తోటివారు విసిరిన బంతి వాడి చేతులు దగ్గరకు చేరేలోపే గుండెకు తగిలి కింద పడుతుంది. నాలుగు గీతల పుస్తకంలో అక్షరాలు గీతలు దాటి పైకీ కిందికీ పోతాయి. వాడి చెల్లెలు నాలుగేళ్లకే చెప్పులు సరిగా వేసుకుంటుంటే, వాడు కుడి ఎడమలు తారుమారు చేస్తాడు. తండ్రి “చూసి నడవలేవా?” అని కసురుతాడు. నాయనమ్మ కోడలిని ఓదారుస్తూ, “మీ ఆయన కూడా చిన్నప్పుడు ఇంతేనమ్మా, పెద్దయితే వాడే సర్దుకుంటాడు” అంటుంది. ఒకనాటి సాయంత్రం దిష్టి కూడా తీస్తుంది. తల్లికి మాత్రం మనసు కుదుటపడదు. ఒకరోజు బడికి ఆలస్యమవుతుంటే గుండీలు పెట్టుకోమని ఆమె తొందరపెడుతుంది. వాడు కళ్లనీళ్లు పెట్టుకొని, “అమ్మా, నా చేతులు నా మాట వినడం లేదు” అంటాడు.

ఈ ఒక్క మాటలో సమస్య సారమంతా ఉంది. ఆ బాలుడికి చేయాలన్న ఇష్టం ఉంది. ఏం చేయాలో తెలుసు. అయినా చేయి సహకరించడం లేదు. దీనిని అర్థం చేసుకోవడానికి ముందుగా ఒక చిన్న పని వెనుక శరీరం చేసే పెద్ద కృషిని తెలుసుకోవాలి.

గుండీ పెట్టుకోవడాన్నే తీసుకుందాం. కన్ను గుండీని, కాజాను చూడాలి. వేళ్లు ఎక్కడ ఉన్నాయో, ఎంత వంగి ఉన్నాయో చూడకుండానే మెదడుకు తెలియాలి. కండరాలలోనూ కీళ్లలోనూ ఉండే జ్ఞానగ్రాహకాలు ఈ సమాచారాన్ని ఎప్పటికప్పుడు పంపుతుంటాయి. కళ్లు మూసుకొని కూడా మన వేలితో మన ముక్కును తాకగలగడానికి ఈ జ్ఞానమే కారణం. చెవి లోపలి భాగంలోని అర్ధవర్తుల కుల్యలు తల కదలికను గ్రహించి శరీరం తూలిపోకుండా కాపాడతాయి. మస్తిష్కం పనికి ఆజ్ఞ ఇస్తుంది. మెదడు వెనుక భాగాన ఉండే అనుమస్తిష్కం ఆ ఆజ్ఞకూ, జరుగుతున్న పనికీ మధ్య తేడాను గమనించి సరిదిద్దుతుంది. ఎంత బలం వాడాలి, ఏ కండరం ముందు కదలాలి, ఏది తరువాత ఆగాలి అన్నవన్నీ క్షణంలో నిర్ణయమవుతాయి. పదేపదే చేసిన మీదట ఈ క్రమం మెదడులో స్థిరపడి, ఆలోచించకుండానే పని జరిగిపోతుంది. అందరికీ సులభంగా కనిపించే పని నిజానికి అనేక వాద్యాలు ఒకే తాళానికి మోగే కచేరీ వంటిది. వాద్యాలన్నీ బాగానే ఉన్నా తాళం కుదరకపోతే కచేరీ రక్తికట్టదు. తడబడే పిల్లలలో జరిగేది ఇదే.

ప్రతి తడబాటూ లోపమేనా అన్న ప్రశ్న ఇక్కడ సహజంగా పుడుతుంది. కాదు. ఎదుగుదలలో పిల్లలకూ పిల్లలకూ తేడా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, భారతదేశం, నార్వే, ఒమన్, అమెరికా దేశాలలోని ఆరోగ్యవంతులైన శిశువులను పరిశీలించి 2006లో ఫలితాలను ప్రకటించింది. ఆసరా లేకుండా నడవడం అన్న ఒక్క నైపుణ్యమే కొందరికి 8 నెలలు దాటగానే వస్తే, మరికొందరికి 17 నెలలు దాటిన తరువాత వచ్చింది. వీరందరూ ఆరోగ్యవంతులే. కాబట్టి పక్కింటి పాప పదినెలలకే నడిచిందని, మన బాబు పద్నాలుగు నెలలైనా నడవలేదని కుంగిపోవలసిన పనిలేదు. కొత్తగా నడక నేర్చిన బిడ్డ పడటం, మూడేళ్ల పిల్ల పాలు ఒలకబోయడం నేర్చుకోవడంలో భాగాలే.

తడబాటు వయస్సుతోపాటు తగ్గకుండా కొనసాగుతూ, తినడం, బట్టలు కట్టుకోవడం, రాయడం, ఆడుకోవడం వంటి నిత్యకృత్యాలకు ఆటంకంగా మారినప్పుడు దానిని వేరుగా చూడాలి. అటువంటి స్థితిని వైద్యశాస్త్రం వికాసాత్మక సమన్వయ లోపం అంటుంది. డిస్‌ప్రాక్సియా అన్న పేరు కూడా వాడుకలో ఉంది. ఒకప్పుడు వైద్యగ్రంథాలలో సైతం వీరిని ‘తడబడే పిల్లలు’ అనే అర్థం వచ్చే పేరుతోనే వ్యవహరించేవారు. ఆ పేరులో ఉన్న చులకనను గుర్తించి, 1994లో కెనడాలో సమావేశమైన వివిధ దేశాల నిపుణులు ఇప్పటి పేరును ఉమ్మడిగా వాడాలని అంగీకరించారు. బడి ఈడు పిల్లలలో నూటికి 5 నుంచి 6 మందికి ఈ లోపం ఉంటుందని అంచనా. అంటే నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరు ఇటువంటి పిల్లలు ఉండవచ్చు. బాలికలలో కంటే బాలురలో దీనిని ఎక్కువగా గుర్తిస్తున్నారు.

దీనికి ఇదమిత్థమైన ఒకే కారణం లేదు. నెలలు నిండకముందు పుట్టిన పిల్లలలో, తక్కువ బరువుతో పుట్టిన పిల్లలలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. కదలికను ముందుగా ఊహించుకొని, జరిగిన పొరపాటును వెంటనే దిద్దుకునే శక్తి మెదడులో ఆలస్యంగా వికసించడం దీనికి మూలమని చాలామంది పరిశోధకులు భావిస్తున్నారు. ఏకాగ్రత కుదరకపోవడం, చదవడంలో ఇబ్బంది వంటివి కూడా కొందరిలో దీనితో కలిసి ఉంటాయి. అయితే తల్లి పెంపకం సరిగా లేకపోవడం వల్ల గానీ, బిడ్డ సోమరితనం వల్ల గానీ, తెలివి తక్కువై గానీ ఈ లోపం రాదు. ఈ విషయాన్ని ఇంటిల్లిపాదీ గ్రహించాలి. తన బిడ్డను తాను సరిగా పెంచలేదేమోనని లోలోపల కుమిలిపోయే తల్లికి ఈ ఒక్క సత్యం కొండంత ధైర్యాన్నిస్తుంది.

మన సమాజం ఇటువంటి పిల్లల విషయంలో రెండు విపరీత ధోరణులను అనుసరిస్తున్నది. మొదటిది నిందించడం. ‘మొద్దు’, ‘చేతకానివాడు’ వంటి మాటలు పెద్దల నోట అలవోకగా వెలువడతాయి. వాటిని విన్న పిల్లవాడు కొంతకాలానికి అవే నిజమని నమ్ముతాడు. రెండవది ఉపేక్షించడం. ‘కాలమే సరిచేస్తుంది’ అని ఊరుకుంటారు. కానీ ఈ లోపం చాలామందిలో కౌమారంలోనూ, ఆ తరువాత కూడా ఏదో ఒక రూపంలో కొనసాగుతుంది. నింద బిడ్డ మనస్సును గాయపరిస్తే, ఉపేక్ష బిడ్డకు అందవలసిన సహాయాన్ని ఆలస్యం చేస్తుంది. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను దండనకు సమర్థనగా చెప్పేవారు అందులోని అసలు అర్థాన్ని మరచిపోతారు. మొక్కను వంచవలసింది మెత్తగా. బలవంతం చేస్తే అది విరుగుతుంది.

ఉపేక్ష మరింత ప్రమాదకరమయ్యే సందర్భాలు కొన్ని ఉన్నాయి. తడబాటు కొన్నిసార్లు వేరొక వ్యాధికి సూచన కావచ్చు. 18 నెలలు నిండినా బిడ్డ నడవకపోయినా, ఏడాది నిండకముందే ఒక చేతిని మాత్రమే వాడుతూ రెండవ చేతిని పూర్తిగా విడిచిపెట్టినా వైద్యునికి చూపించాలి. నిన్నటిదాకా చేసిన పనిని బిడ్డ నేడు చేయలేకపోతుంటే ఏమాత్రం జాప్యం తగదు. మెట్లు ఎక్కలేక ఆగిపోవడం, నేలమీద నుంచి లేచేటప్పుడు తన తొడలమీద తానే చేతులూని పైకి రావడం, పిక్కలు అసాధారణంగా లావెక్కడం వంటివి మగపిల్లలలో కనిపిస్తే కండరాల క్షీణత వ్యాధి కాదని నిర్ధారించుకోవాలి. నడకలో హఠాత్తుగా తూలుడు మొదలై, తలనొప్పి, వాంతులు తోడైతే అత్యవసరంగా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. చూపు మందగించడం వల్ల కూడా పిల్లలు వస్తువులకు తగులుకుంటారు. కాబట్టి కంటి పరీక్ష తప్పనిసరి.

వైద్యుని వద్దకు వెళ్లేముందు తల్లిదండ్రులు చేయగల మేలైన పని పరిశీలన. బిడ్డ ఏ పనిలో తడబడుతున్నాడు, ఎప్పటి నుంచి, ఇంట్లోనేనా బడిలో కూడానా, రోజురోజుకూ మెరుగవుతున్నదా తగ్గుతున్నదా అన్న విషయాలను ఒక కాగితంపై రాసుకోవాలి. ఉపాధ్యాయుని అభిప్రాయం అడగాలి. వైద్యుడు నాడీవ్యవస్థను, కండరాలను, చూపును, వినికిడిని పరీక్షించి ఇతర వ్యాధులు లేవని తేల్చుకుంటాడు. పిల్లలలో సహజమైన తేడాలు ఎక్కువగా ఉండే కారణంగా సాధారణంగా అయిదేళ్లు నిండకముందు ఈ లోపాన్ని నిర్ధారించరు. అంతమాత్రాన అయిదేళ్లదాకా చేతులు ముడుచుకొని కూర్చోవాలని కాదు. అవసరమైన అభ్యాసాన్ని ముందే ప్రారంభించవచ్చు.

మన దేశంలో 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేస్తారు. అంగన్‌వాడీలకూ, ప్రభుత్వ పాఠశాలలకూ వైద్య బృందాలు వస్తాయి. ఎదుగుదలలో లోపాలు కనిపించిన పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ‘నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు’ అన్న పదాన్ని నిర్వచిస్తూ అందులో డిస్‌ప్రాక్సియాను కూడా పేర్కొన్నది. ఇటువంటి పిల్లవాడిని అర్థం చేసుకోవడం దయాదాక్షిణ్యాలకు మాత్రమే సంబంధించినది కాదని, చట్టం కూడా దీనిని గుర్తించిందని దీనివల్ల తెలుస్తున్నది.

ఈ లోపాన్ని మాయం చేసే మందు లేదు. సరైన అభ్యాసమే చికిత్స. ఆక్యుపేషనల్ థెరపిస్టులు, ఫిజియోథెరపిస్టులు ఇందులో మార్గదర్శనం చేస్తారు. బిడ్డకు ఏ పని కావాలో ఆ పనినే చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి నేర్పడం మంచి ఫలితాలనిస్తున్నదని అధ్యయనాలు చెబుతున్నాయి. కెనడాకు చెందిన హెలెన్ పొలటాయ్‌కో, ఆమె సహచరులు రూపొందించిన పద్ధతిలో నాలుగు దశలు ఉన్నాయి. అవి లక్ష్యం, పథకం, ఆచరణ, పరిశీలన. ‘ఈ పై గుండీ నేనే పెట్టుకోవాలి’ అన్నది లక్ష్యం. ‘ముందు గుండీ అంచును కాజాలోకి నెట్టాలి, తరువాత రెండవ చేత్తో లాగాలి’ అన్నది పథకం. ఆ ప్రకారం చేయడం ఆచరణ. కుదిరిందా, లేకపోతే ఎక్కడ తప్పింది అని తనను తాను ప్రశ్నించుకోవడం పరిశీలన. ఈ నాలుగింటిలోనూ జవాబు వెతికేది బిడ్డే. పెద్దలు ప్రశ్నలతో దారి చూపుతారు. ‘ఇలా చేయి’ అనడానికి బదులు ‘ఏం చేస్తే బాగుంటుంది?’ అని అడుగుతారు. తానే కనుగొన్న ఉపాయాన్ని బిడ్డ మరచిపోడు.

మన సంప్రదాయంలో ఇందుకు పనికివచ్చే సాధనాలు ఎన్నో ఉన్నాయి. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి గెంతు శరీరపు తూకాన్ని నేర్పుతుంది. అచ్చనగాయలాటలో ఎగురవేసిన రాయిని పట్టుకోవడం కంటికీ చేతికీ పొత్తు కుదురుస్తుంది. వామనగుంటలలో గింజలు ఏరి ఒక్కొక్కటిగా వదలడం వేళ్లకు వ్యాయామం. చిక్కుడుకాయలు తుంచడం, బఠాణీలు వలవడం, పూలు గుచ్చడం, ముగ్గు పెట్టడం వంటి ఇంటి పనులలోనూ ఈ మేలు ఉంది. అక్షరాభ్యాసంలో బిడ్డ చేత పలక కంటే ముందు బియ్యంలో వేలితో దిద్దించడం మన పద్ధతి. సన్నని పెన్సిలు పట్టలేని బిడ్డకు పళ్లెంలోని ఇసుకలోనో బియ్యంలోనో పెద్ద అక్షరం దిద్దడం సులువు. తెలుగు లిపి గుండ్రనిది. ఒక్క అక్షరంలోనే చేయి ఎన్నో మలుపులు తిరగాలి. తడబడే బిడ్డకు ఆ మలుపులు పర్వతాలవుతాయని ఉపాధ్యాయులు గుర్తుంచుకోవాలి.

అయితే ఆటను కూడా పరీక్షగా మార్చకూడదు. ఇద్దరు ముగ్గురితో, ఓటమి భయం లేకుండా ఆడించాలి. మొదట పెద్ద బంతితో, దగ్గర నుంచి, మెల్లగా మొదలుపెట్టాలి. జట్టు ఆటలలో వెనుకబడే పిల్లలు ఈత, నడక వంటి వాటిలో తమ వేగంతో తాము ముందుకు సాగగలుగుతారు. బడిలో వారికి రాయడానికి కొంత ఎక్కువ సమయం ఇవ్వాలి. లావుపాటి పెన్సిలు, లేసులు లేని బూట్లు, సులువుగా తెరుచుకునే భోజనపు డబ్బా చూడటానికి చిన్న విషయాలు. కానీ అవి పదిమందిలో ఆ బిడ్డ గౌరవాన్ని నిలుపుతాయి.

గౌరవం అన్న మాట ఇక్కడ ముఖ్యమైనది. తడబడే పిల్లలు పడటం వల్ల తగిలే దెబ్బల కంటే నవ్వుల వల్ల తగిలే దెబ్బలు ఎక్కువ కాలం మిగులుతాయి. జట్టులోకి ఎవరూ పిలవని పిల్లవాడు క్రమంగా ఆటస్థలానికే దూరమవుతాడు. ఆడకపోవడం వల్ల శరీరం మరింత బలహీనపడుతుంది. బలహీనత వల్ల తడబాటు పెరుగుతుంది. ఈ విషవలయాన్ని ఛేదించగలిగేది ఆదరణ ఒక్కటే. మహాభారతం అరణ్యపర్వంలో అష్టావక్రుడు వంకరలు తిరిగిన దేహంతో, చిన్న వయస్సులో జనకుని సభకు వెళ్లి మహాపండితుడైన వందిని వాదంలో ఓడించాడు. దేహపు తీరును చూసి మనిషి విలువను నిర్ణయించరాదని ఆ కథ ఏనాడో హెచ్చరించింది. హ్యారీ పాటర్ చిత్రాల కథానాయకుడు డేనియల్ రాడ్‌క్లిఫ్ తనకు స్వల్పంగా డిస్‌ప్రాక్సియా ఉన్నదని, బూట్ల లేసులు కట్టుకోవడం కష్టమయ్యేదని 2008లో స్వయంగా వెల్లడించాడు. లోపం దారిలో రాయి వంటిదే గాని దారికి అంతం కాదు.

ముందు చెప్పుకున్న ఇంటికి మరొక్కసారి వెళ్దాం. తల్లి, తండ్రి కలిసి బిడ్డను వైద్యునికి చూపించారు. వ్యాధి ఏదీ లేదని తేలింది. సమన్వయ లోపం ఉన్నదని తెలిసింది. తండ్రి కసరడం మానేశాడు. బడికి అరగంట ముందుగా బిడ్డను లేపి, తాను పక్కన కూర్చున్నాడు. మొదటి వారం ఒక్క గుండీ, రెండవ వారం రెండు. కొన్ని నెలలకు ఒక ఉదయం వాడు అన్ని గుండీలూ తానే పెట్టుకొని వంటింట్లోకి వచ్చాడు. ఒక గుండీ తప్పు కాజాలో ఉంది. తల్లి దానిని సరిచేయలేదు. నాయనమ్మ ఆ సాయంత్రం అరిసెలు వండింది.

నేటి విద్యార్థులే రేపటి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, వైద్యులు. తమ ఇంట్లోనో, వీధిలోనో, తరగతిలోనో తడబడే వారు కనిపించినప్పుడు ముందుగా నవ్వును ఆపుకోవడం, ఆ తరువాత చేయి అందించడం వారు నేర్చుకోవాలి. నడక నేర్చిన వారందరూ ఒకప్పుడు ఎవరో ఒకరి వేలు పట్టుకున్నవారే. కొందరికి ఆ వేలు మరికొంతకాలం కావాలి.

అర్థాలు

నిశితమైన = సూక్ష్మమైన, పదునైన
ఇదమిత్థమైన = ఇది ఇలాంటిది అని నిశ్చయంగా చెప్పదగిన
జ్ఞానగ్రాహకాలు = స్పర్శ మొదలైన అనుభూతులను గ్రహించే శరీర భాగాలు
అనుమస్తిష్కం = మెదడు వెనుక భాగంలో ఉండి కదలికలను సమన్వయపరిచే భాగం
ఉపేక్ష = పట్టించుకోకపోవడం
జాప్యం = ఆలస్యం
విషవలయం = ఒక చెడు మరొక చెడుకు కారణమవుతూ తిరిగి మొదటికే వచ్చే స్థితి

ప్రశ్నలు

అ. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. శిశువు ఎదుగుదలకు సంబంధించి తెలుగువారు జరుపుకునే వేడుకలు ఏవి?
2. బిడ్డలో ఏ లక్షణాలు కనిపించినప్పుడు వైద్యుని వెంటనే సంప్రదించాలి?
3. లక్ష్యం, పథకం, ఆచరణ, పరిశీలన అన్న దశలను ఒక ఉదాహరణతో వివరించండి.

ఆ. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. వికాసాత్మక సమన్వయ లోపం అంటే ఏమిటి? దాని పట్ల సమాజంలో ఉన్న విపరీత ధోరణులను చర్చించండి.
2. తడబడే పిల్లలకు ఇల్లు, బడి ఏ విధంగా తోడ్పడగలవో పాఠం ఆధారంగా తెలపండి.

ఇ. సందర్భసహిత వ్యాఖ్య రాయండి.
1. “అమ్మా, నా చేతులు నా మాట వినడం లేదు.”
2. “మొక్కను వంచవలసింది మెత్తగా, బలవంతం చేస్తే అది విరుగుతుంది.”